లేపుతుంది, నిలబెట్టదు: రెండు టన్నుల ట్రాలీ జాకీ మరమ్మతు, పూర్తి కేసు

బెంచీ మీదకు వచ్చింది గ్యారేజీలో చాలాకాలం నలిగిన రెండు టన్నుల ట్రాలీ జాకీ. హ్యాండిల్ కొడితే కారు ముందు భాగం చక్కగా పైకొస్తుంది. కొట్టడం ఆపిన దగ్గర్నుంచి నెమ్మదిగా కుంగిపోతుంది. నేల మీద మాత్రం ఆయిల్ మరక లేదు. అంతకుముందే ఇంకోచోట విప్పి సీల్ కిట్టంతా మార్చి, ఆయిల్ నింపి ఇచ్చారు. కొత్త సీళ్లతోనూ అదే వరస.

జాకీ దిగిపోతోందంటే చాలామంది చెయ్యి ముందు సీల్ కిట్ మీదకే పోతుంది. బయట చుక్క కారకుండా దిగిపోయే జాకీలో తప్పు ఎక్కువసార్లు సీళ్లలో ఉండదు, లోపలి వాల్వుల్లో ఉక్కు బాల్ కూర్చుని దారి మూసే సీటులో ఉంటుంది. సీటు సంగతి చూడకుండా కిట్లు ఎన్ని మార్చినా దండగే. ఈ జాకీలో ఆ కొత్త కిట్ సమస్యను తీర్చకపోగా ఇంకో లీకును కనపడకుండా చేసింది. అది తర్వాత వస్తుంది.

లోపల ఆయిల్ నడిచే దారి

హ్యాండిల్ పైకెత్తినప్పుడు చిన్న ప్లంజర్ లేచి, ట్యాంకులోని ఆయిల్‌ను సక్షన్ బాల్ మీదుగా పంపు గదిలోకి లాక్కుంటుంది. కిందికి నొక్కితే సక్షన్ బాల్ మూసుకుని డెలివరీ బాల్ తెరుచుకుంటుంది, ఆయిల్ పెద్ద సిలిండర్‌లోకి పోయి రామ్‌ను (అందులోని లావు కడ్డీని) తోస్తుంది, రామ్ ఆర్మ్‌ను లేపుతుంది. బరువు మీద నిలబడినప్పుడు ఆ ఆయిల్‌ను సిలిండర్‌లో పట్టి ఉంచేవి నాలుగే: డెలివరీ బాల్, రిలీజ్ వాల్వు (హ్యాండిల్ తిప్పి జాకీని దించేది), ఓవర్‌లోడ్ వాల్వు (మోతాదు మించి బరువు పడితే ఆయిల్‌ను వదిలేసేది), రామ్ సీలు. జాకీ కుంగుతోందంటే వీటిలో ఒకటో రెండో వదిలేస్తున్నాయని అర్థం. సక్షన్ బాల్ పాడైతే జాకీ లేవదు, లేదా నాలుగు కొట్లకు ఒక కొట్టు పని చేస్తుంది. అదొక్కటే పాడైతే మాత్రం కుంగదు.

ఒత్తిడి ఏ బాల్‌ను ఎటు నెడుతుందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. డెలివరీ బాల్‌ను ఒత్తిడే సీటు మీదకు నొక్కుతుంది, బరువు పెరిగేకొద్దీ అది ఇంకా గట్టిగా మూసుకోవాలి. రిలీజ్ బాల్‌ను ఒత్తిడి సీటు నుంచి లేపాలని చూస్తుంది, వెనక నుంచి స్క్రూ దాన్ని ఆపుతుంది. ఓవర్‌లోడ్ బాల్‌దీ అదే పరిస్థితి, కాకపోతే దాన్ని ఆపేది స్ప్రింగు.

ఈ జాకీలో సిలిండర్ బోరు 45 మి.మీ., ప్లంజర్ వ్యాసం 12 మి.మీ. ఆర్మ్ సగం ఎత్తులో ఉన్నప్పుడు రామ్ 1 మి.మీ. కదిలితే సాడిల్ (ఆర్మ్ చివర కారుకు ఆనే పళ్లెం) సుమారు 5 మి.మీ. కదులుతుంది. కింది లెక్కలన్నీ ఈ కొలతల మీదే.

విప్పకముందు చేసిన పరీక్ష

ముందు ఇరుసు మీద సుమారు 600 కిలోల బరువు పడే కారును ముందు నుంచి లేపి, ఛాసిస్ కింద రెండు పక్కలా స్టాండ్లు పెట్టడం జరిగింది. స్టాండ్లకూ ఛాసిస్‌కూ మధ్య 50 మి.మీ. సందు ఉంచితే, జాకీ పూర్తిగా వదిలేసినా కారు అంతకన్నా దిగదు. ఈ పరీక్షలో ఎవరి చెయ్యీ కాలూ కారు కిందికి పోకూడదు. సాడిల్ ఎత్తు నేల నుంచి స్టీల్ స్కేలుతో కొలిచి, హ్యాండిల్‌ను సగంలో వదిలేయాలి. హ్యాండిల్ పైకి ఆనించి ఉంటే పరీక్షలో ఒక ముఖ్యమైన ముక్క పోతుంది.

5 నిమిషాల్లో సాడిల్ 40 మి.మీ. దిగింది. అంటే రామ్ 8 మి.మీ. వెనక్కి వెళ్లింది. 45 మి.మీ. బోరు వైశాల్యం 1590 చదరపు మి.మీ. కనుక, బయటికి పోయిన ఆయిల్ సుమారు 12.7 సి.సి. అంత ఆయిల్ నేల మీద పడితే కనపడకుండా ఉండదు. పడలేదు కాబట్టి అదంతా లోపలి నుంచి లోపలికే, తిరిగి ట్యాంకులోకే పోతోంది. రామ్ సీలు మీద అనుమానం దీనితోనే చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే ఈ రకం యూనిట్‌లో రామ్ సీలు వదిలితే ఆయిల్ రామ్ వెంబడి ముందు గ్లాండు (రామ్ బయటికి వచ్చే చోటి మూత) దగ్గర బయటపడుతుంది. అక్కడ పొడిగా, దుమ్ము అంటుకుని ఉంది.

ఇక హ్యాండిల్. డెలివరీ బాల్ వదిలితే సిలిండర్ ఒత్తిడి పంపు గదిలోకి వస్తుంది. సక్షన్ బాల్ మూసుకుని ఉంటుంది కనుక ఆ ఒత్తిడి ప్లంజర్‌ను పైకి నెట్టి, హ్యాండిల్‌ను దానంతట అదే లేపుతుంది. 600 కిలోల బరువుకు ఇక్కడ ఒత్తిడి సుమారు 185 బార్లు. 12 మి.మీ. ప్లంజర్ మీద అది 213 కిలోల తోపు. హ్యాండిల్ బరువు దానికో లెక్క కాదు. కాబట్టి హ్యాండిల్ లేస్తే డెలివరీ బాల్ దోషం, లేవకుండా బండి దిగితే రిలీజ్ వాల్వో ఓవర్‌లోడ్ వాల్వో. ఈ జాకీలో హ్యాండిల్ కదల్లేదు.

రిలీజ్‌ను రెండు చేతులతో గట్టిగా బిగించి చూస్తే దిగుడు 5 నిమిషాలకు 15 మి.మీ.కి తగ్గింది. బిగువు పెరిగితే లీకు తగ్గుతోందంటే ఆ లీకు రిలీజ్ బాల్ దగ్గరే. అయినా హ్యాండిల్‌కూ వాల్వు స్పిండిల్‌కూ (రిలీజ్ బాల్‌ను ఆపే స్క్రూకూ) మధ్య ఉండే యూనివర్సల్ జాయింటును నమ్మడానికి లేదు. దాని పిన్ను అరిగితే హ్యాండిల్ తిరిగినంతా స్పిండిల్ తిరగదు. హ్యాండిల్ తీసేసి స్పిండిల్‌ను నేరుగా పానాతో బిగించి చూశాక కూడా అదే ఫలితం వచ్చింది కనుక జాయింటును పక్కన పెట్టవచ్చు. చివరగా సాడిల్ మీద 100 కిలోల ఇసుక బస్తాలు పెట్టి చూస్తే అప్పుడూ దిగింది, నెమ్మదిగా. ఓవర్‌లోడ్ స్ప్రింగు నీరసపడి ఉంటే తేలిక బరువు నిలబడి, ఎక్కువ బరువుకు మాత్రమే దిగాలి. అదీ కాదు.

ఇంకొక చిన్న గుర్తు ఉంది: ప్లంజర్ బయటికి వచ్చే చోట చుట్టూ సన్నని తడి వలయం. చుక్కగా జారేంత లేదు, వేలు పెడితే అంటుకుంటుంది. కొత్త ఓ రింగు (‘O’ ఆకారపు రబ్బరు సీలు) వేసిన చోట తడి ఉండకూడదు.

విప్పడం

రెండు రిటర్న్ స్ప్రింగులు ముందు తీయాలి. ఆర్మ్‌ను పూర్తిగా దించాక కూడా వాటిలో బిగువు మిగిలే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో ఎగదన్ని తీస్తే కళ్లలోకి వస్తుంది. కొక్కెంలో గట్టి తీగ వేసి లాగి తప్పించడం మేలు. ఆ తర్వాత హ్యాండిల్ సాకెట్, రామ్‌ను ఆర్మ్‌కు కలిపే పిన్ను, సైడు ప్లేట్ల బోల్టులు తీస్తే పవర్ యూనిట్ ఒక్కటిగా చేతికొస్తుంది. ఫిల్లర్ రబ్బరు తీసి ఆయిల్‌ను గాజు సీసాలోకి వంపాలి. పాత డబ్బాలో పోసి పారేయకూడదు, సగం చరిత్ర అందులోనే ఉంటుంది.

సిలిండర్ ముందు వైపు తలనట్టు బిగిసిపోయి ఉంటే గ్యాస్ కట్టర్ పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. లోపల ఆయిల్ తడి, మూసిన సిలిండర్: ప్రమాదం సంగతి అటుంచి, ఆ వేడికి సిలిండర్ కింది సీలు మాడిపోతుంది. బ్లాకును బెంచ్ వైసులో రాగి రేకుల మధ్య బిగించి, నట్టు చుట్టూ సుత్తితో చిన్నగా తట్టి, తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా వదిలితే మర్నాడు పైపు రెంచికి లొంగుతుంది.

ఓవర్‌లోడ్ స్క్రూను తిప్పకముందే దాని తల బ్లాకు ముఖం నుంచి ఎంత లోతులో ఉందో వెర్నియర్ తోకతో కొలిచి రాసుకోవాలి. ఇక్కడ 3.2 మి.మీ. దాని మీద ఫ్యాక్టరీ లక్క చెదరలేదు. అనుమానం లేని వాల్వును కదపడం ఎందుకని దాన్ని అలాగే వదిలేయడమైంది.

బాళ్లు ఏది ఎక్కడిదో కలిసిపోతే తర్వాత పెద్ద తలనొప్పి. ఈ బ్లాకులో సక్షన్‌కు 5 మి.మీ., డెలివరీకి 8 మి.మీ., రిలీజ్‌కు 6 మి.మీ. బాల్. గుడ్డ మీద అదే వరసలో, వాటి స్ప్రింగులతో సహా పెట్టి ఫోటో తీసుకుంటే చాలు.

బయటపడినవి

సీసాలో వంపిన ఆయిల్ రాత్రికి రెండు పొరలుగా విడిపోయింది. పైన పసుపు రంగు మినరల్ ఆయిల్, కింద మసకగా, కాస్త ఘాటు వాసనతో ఇంకో ద్రవం. ఆ కింది పొరను నీళ్లలో వేస్తే నీళ్లలో కలిసిపోయింది. అది బ్రేక్ ఆయిల్. డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఆధారంగా తయారవుతాయి, మినరల్ ఆయిల్‌తో కలవవు, దానికన్నా బరువు, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. జాకీలో పోస్తే అడుగుకు చేరి, సరిగ్గా వాల్వు బ్లాకు గుంటల్లో నిలుస్తాయి. పీల్చుకున్న నీరు అక్కడే తుప్పు పుట్టిస్తుంది. పైగా జాకీ సీళ్లు సాధారణంగా నైట్రైల్ రబ్బరువి. బ్రేక్ ఆయిల్‌కు అవి ఉబ్బి మెత్తబడతాయి. బ్రేకు సిస్టంలో వాడే రబ్బరు వేరు, ఇది వేరు. ‘అదీ హైడ్రాలిక్కే, ఇదీ హైడ్రాలిక్కే’ అనుకుని పోసేది ఇక్కడే బెడిసికొడుతుంది.

రిలీజ్ సీటును టార్చి లైటు కింద పది రెట్లు చూపే భూతద్దంతో చూస్తే సంగతి తేలిపోయింది. 4 మి.మీ. రంధ్రం అంచు చుట్టూ బాల్ కూర్చునే గీత మెరుస్తూ గుండ్రంగా ఉండాలి. ఒక పక్క, ఇంచుమించు మూడో వంతు మేర, నల్లటి తుప్పు గుంటలు. మిగతా వైపు గీత అర మి.మీ. వెడల్పుకు నలిగిపోయి ఉంది. బాల్ మీద కూడా అదే వెడల్పున చదునైన వలయం. హ్యాండిల్‌కు పైపు తొడిగి బిగించిన జాకీల్లో ఈ వలయం దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది. లీకు మొదలైతే గట్టిగా బిగిస్తారు, బిగించేకొద్దీ గీత వెడల్పవుతుంది, వెడల్పయ్యేకొద్దీ అదే బలానికి పట్టు తగ్గుతుంది.

అసలు ఎంత బిగువు కావాలి? 600 కిలోల బరువుకు ఆ బాల్‌ను వెనక్కి నెట్టే బలం 27 కిలోలకు మించదు. రెండు టన్నులకైనా 90 కిలోల లోపే. 10 మి.మీ. మరలు (థ్రెడ్లు) ఉన్న స్పిండిల్‌ను 5 న్యూటన్ మీటర్ల చేతి బిగువుతో తిప్పితే బాల్ మీద పడేది సుమారు 250 కిలోలు. బాగున్న సీటుకు మామూలు చేతి బిగువు ధారాళంగా సరిపోతుందన్నమాట. పైపు అవసరమైందంటే సీటు పోయిందనే.

డెలివరీ వాల్వు ప్లగ్గు విప్పితే రెండో దోషం. బాల్ కింద, సీటుకు అడ్డంగా, తెల్లటి పోగు ఒకటి: టెఫ్లాన్ టేపు. రిలీజ్ స్పిండిల్ మరల దగ్గర తడి వస్తోందని ఎవరో టేపు చుట్టారు, స్పిండిల్ మీద దాని ముక్కలు ఇంకా ఉన్నాయి. స్పిండిల్ తిప్పినప్పుడల్లా టేపు తెగి, రిటర్న్ ఆయిల్‌తో ట్యాంకులోకి, అక్కడి నుంచి సక్షన్‌లోకి, ఆ మీదట డెలివరీ సీటు మీదకు చేరింది. సక్షన్ ముందు ఉండాల్సిన సన్నని జాలీ ఎప్పుడో మాయమైంది. జాకీ లోపల ఏ మరకూ టేపు చుట్టకూడదు. స్పిండిల్‌కు ఓ రింగు ఉంది, ప్లగ్గులకు రాగి వాషర్లు ఉన్నాయి, ఆపాల్సింది అవే.

మరి డెలివరీ బాల్ వదులుతుంటే హ్యాండిల్ ఎందుకు లేవలేదు? జవాబు ఆ తడి వలయంలో ఉంది. ప్లంజర్ ఓ రింగు కొత్తదే, కానీ లోపలి అంచు ఒకచోట నెలవంకలా తెగి ఉంది. ప్లంజర్ బోరు మొదట్లో ఉన్న పదునైన అంచు మీదుగా పొడిగా తోసి ఎక్కించారు, అది కోసుకుపోయింది. దానికి తోడు బ్యాకప్ రింగును (ఓ రింగు సందులోకి దూరకుండా ఆపే గట్టి రింగును) ఒత్తిడి వైపు వేశారు. పంపు గదిలోకి జారిన కాస్త ఆయిల్ ఒత్తిడిగా నిలవకుండా ఆ కోత వెంబడి బయటికి ఊరుతోంది, హ్యాండిల్‌ను లేపే బలం అక్కడే పోతోంది. రిలీజ్ సీటు ఒక్కటే బాగుచేసి బిగించి ఉంటే, ఈ చిన్న లీకు వల్ల జాకీ ఇంకా కొద్దికొద్దిగా దిగుతూనే ఉండేది.

సీటు పని

మొదట శుభ్రం. బ్లాకులోని అన్ని ప్లగ్గులూ తీసి, కిరోసిన్‌లో నానబెట్టి, ప్రతి దారిలోనూ సన్నని నైలాన్ బ్రష్ పోనిచ్చి, కంప్రెసర్ గాలి కొట్టాలి. వేస్టు కాటన్ వాడితే దాని నూలు పోగు రేపు టేపు పోగు చేసిన పనే చేస్తుంది. సీటు మీద ఎమరీ పేపర్ కూడా వద్దు, దాని రవ్వ ఇనుములో గుచ్చుకుని మిగులుతుంది.

తుప్పు గుంటలు లోతు తక్కువే కనుక సీటును కొత్తగా కోయడానికి వీలైంది. ఇక్కడ చాలామంది చేతికందిన డ్రిల్ బిట్ పెడతారు. మామూలు బిట్ మొన 118 డిగ్రీలు. ఆ కోణంలో 6 మి.మీ. బాల్ ఆనే వలయం 3.1 మి.మీ. వ్యాసం దగ్గర పడాలి, అక్కడ ఉన్నది 4 మి.మీ. రంధ్రం. అంటే కోసిన ఏటవాలు మీద బాల్ ఆనదు, మళ్లీ రంధ్రం అంచు మీదే పడుతుంది. 90 డిగ్రీల కౌంటర్‌సింక్ అయితే వలయం 4.24 మి.మీ. దగ్గర, అంటే రంధ్రానికి కాస్త బయట, గట్టి ఇనుము మీద వస్తుంది. లేత్ షాపులో బ్లాకును బోరుకు సరిగ్గా సెంటర్ చేసి, మోటారు వేయకుండా చేత్తో తిప్పుతూ, గుంటలు పోయేదాకా మాత్రమే కోయించాలి. ఇక్కడ 0.3 మి.మీ. లోతుతో సరిపోయింది. గుంటలు అర మి.మీ. దాటి ఉంటే ఆ బ్లాకు మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

కోసిన తర్వాత అచ్చు. 6 మి.మీ. బేరింగు బాల్ ఒకటి సీటు మీద పెట్టి, దాని మీద ఇత్తడి కడ్డీ నిలువుగా ఆనించి, పావు కిలో సుత్తితో ఒక్క దెబ్బ. బాల్ కింద వెంట్రుకంత గీత గుండ్రంగా పడితే పని అయిపోయింది. రెండు మూడు దెబ్బలు కొడితే గీత వెడల్పవుతుంది, కడ్డీ వంగి తగిలితే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. దెబ్బ తిన్న బాల్‌ను పారేసి, వాల్వులో ఇంకో కొత్తది వేయాలి. విడి బాళ్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బేరింగుల షాపుల్లో సైజు చెబితే ఇస్తారు. సైకిల్ బాళ్లతో సరిపెట్టుకోవద్దు.

డెలివరీ సీటు చెడలేదు. పోగు తీసి, కొత్త బాల్‌తో చిన్న తట్టు తట్టి, పాత స్ప్రింగును అలాగే వాడవచ్చు.

బిగించకముందే సీటును పరీక్షించవచ్చు. బ్లాకును సీటు పైకి వచ్చేలా నిలబెట్టి, బాల్ పెట్టి, మీద రెండు మూడు మి.మీ. కిరోసిన్ పోసి, కింది రంధ్రం దగ్గర తెల్ల కాగితం పెట్టి పది నిమిషాలు చూడాలి. కాగితం తడవకపోతే సీటు మంచిదే. తడిస్తే మళ్లీ కోతకే. ఈ పరీక్ష దాటినంత మాత్రాన వందల బార్ల దగ్గర నిలుస్తుందన్న హామీ లేదు, కానీ ఇది దాటనిది అక్కడ అసలే నిలవదు.

సీళ్లు

కొత్త కిట్టే అయినా బ్రేక్ ఆయిల్ అడుగున మిగిలి ఉండగానే వేశారు, అందుకే రామ్‌కున్న యూ సీలు (‘U’ ఆకారపు సీలు) అప్పటికే మెత్తబడి గోరు దిగుతోంది. అన్నీ మార్చాల్సి వచ్చింది. కొత్త సీలు కొలతను పాత సీలు నుంచి తీసుకోకూడదు, అది ఉబ్బి ఉంటుంది. బోరు వ్యాసం, గాడి అడుగు వ్యాసం, గాడి వెడల్పు, ఈ మూడూ వెర్నియర్‌తో తీసి షాపులో చెప్పాలి. రామ్‌కు పాలీయురేథేన్ యూ సీలు దొరికితే నైట్రైల్ కన్నా ఎక్కువ కాలం వస్తుంది. ప్లంజర్ ఓ రింగు 90 షోర్ (షోర్ అంటే రబ్బరు గట్టిదనం కొలత) గట్టిదైతే మేలు, 70 షోర్ మెత్తనిది ఇంత ఒత్తిడిలో సందులోకి దూరి నలిగిపోతుంది.

యూ సీలు నోరు ఒత్తిడి వైపు ఉండాలి. ఆయిల్ ఆ నోట్లోకి దూరి పెదవులను గోడకు నొక్కుతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ పట్టూ పెరుగుతుంది. జోసెఫ్ బ్రామా 1795లో పేటెంట్ పొందిన హైడ్రాలిక్ ప్రెస్సు మొదట్లో లీకులతో సతమతమైతే, ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే తోలుతో ఇలాంటి కప్పు సీలు చేసి దాన్ని ఆపాడని చెబుతారు. రబ్బరు మారింది గానీ సూత్రం అదే. తిరగేసి వేస్తే మొదటి కొట్టుకే ఆయిల్ దాటిపోతుంది. ఓ రింగు పక్కన వేసే బ్యాకప్ రింగు మాత్రం ఒత్తిడికి అవతలి వైపు, అంటే ఆయిల్ తప్పించుకోవాలని చూసే సందు వైపు ఉండాలి. ఇంతకుముందు తిరగబడింది ఇదే.

ప్లంజర్ బోరు అంచును సన్నటి ఆయిల్ రాయితో చుట్టూ కొద్దిగా మొద్దు చేసి, ఆ పొడి తుడిచి, ఓ రింగుకు హైడ్రాలిక్ ఆయిల్ పూసి, తిప్పుతూ లోపలికి పంపాలి. గ్రీజు వద్దు. మరల మీదుగా పోవాల్సిన సీలైతే మరల మీద పలచని ప్లాస్టిక్ కాగితం చుట్టి దాటించాలి. రాగి వాషర్లు పాతవే వాడదలిస్తే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడతాయి.

రామ్, ప్లంజర్ల మీద తుప్పు గుంటలుంటే సీలు ఎంత మంచిదైనా వారం తిరక్కముందే పోతుంది. ఇక్కడ రెండూ నున్నగానే ఉన్నాయి.

ఆయిల్, గాలి

పోయాల్సింది ఐఎస్ఓ వీజీ 32 హైడ్రాలిక్ ఆయిల్ (వీజీ అంకె ఆయిల్ చిక్కదనం కొలత). చలి ప్రాంతమైతే 22 వాడవచ్చు, మన ఎండలకు 32 సరిపోతుంది. ఇంజన్ ఆయిల్ సీళ్లను తినదు గానీ చిక్కగా ఉండి చిన్న బాళ్లు ఆలస్యంగా కూర్చుంటాయి, అందులోని డిటర్జెంట్లు చెత్తనూ నీటినీ అడుగుకు దిగనివ్వకుండా ఆయిల్‌లోనే తిప్పుతుంటాయి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయడమంటే మసి పోయడమే. చేతిలో ఏమీ లేని రోజున పవర్ స్టీరింగ్‌కు వాడే ఎర్ర ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పోసినా నష్టం లేదు.

ఆయిల్ నింపేటప్పుడు రామ్ పూర్తిగా లోపలికి వెళ్లి ఉండాలి. రామ్ బయట ఉండగా నిండుగా పోస్తే, దిగేటప్పుడు తిరిగి వచ్చే ఆయిల్‌కు చోటుండదు. ఫిల్లర్ రబ్బరు ఎగిరిపోతుంది, లేదా జాకీ పూర్తిగా దిగదు. ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా చాలు. ఈ యూనిట్‌కు 280 మి.లీ. పట్టింది.

గాలి తీయడానికి: ఫిల్లర్ రబ్బరు వదులుగా పెట్టి, రిలీజ్‌ను రెండు చుట్లు తెరిచి, హ్యాండిల్‌ను పైనుంచి కింది దాకా నిండుగా పదిహేనుసార్లు కొట్టాలి. తర్వాత రిలీజ్ మూసి, బరువు లేకుండా చివరిదాకా లేపి, మళ్లీ దించాలి. మెత్తమెత్తగా, స్పాంజిలా అనిపిస్తే ఇంకోసారి. గాలి ఉన్న జాకీ బరువు పడగానే ఒక్కసారి కాస్త కుంగి ఆగిపోతుంది, లీకు ఉన్న జాకీ ఆగకుండా కుంగుతూనే ఉంటుంది. రెంటినీ కలిపేసుకుని మంచి సీటును మళ్లీ విప్పేవాళ్లున్నారు. చివర్లో రామ్ దించి మట్టం చూసి, తగ్గినంత పోసి రబ్బరు నొక్కేయాలి.

తిరిగి పరీక్ష

అదే కారు, అదే స్టాండ్లు, హ్యాండిల్ సగంలో, రిలీజ్ మామూలు చేతి బిగువులో. 10 నిమిషాలకు సాడిల్ 1 మి.మీ. దిగింది, అది కూడా మొదటి నిమిషంలోనే. తర్వాత కదలలేదు. హ్యాండిల్ ఉన్నచోటే ఉంది. ప్లంజర్ చుట్టూ కాగితం చుట్టి తీస్తే పొడిగా వచ్చింది. మా దగ్గర పెట్టుకున్న హద్దు 10 నిమిషాలకు 3 మి.మీ. అది దాటితే జాకీ బెంచీ మీదకే తిరిగి వస్తుంది.

ఇసుక బస్తాల పరీక్ష కూడా వదలకూడదు. తేలిక బరువులో డెలివరీ బాల్‌ను సీటుకు నొక్కే ఒత్తిడి తక్కువ కనుక, సీటు మీద చిన్న చెత్త ఉంటే ఎక్కువ బరువు కింద దొరకనిది అక్కడ దొరుకుతుంది. 100 కిలోలతో అర గంటకు స్కేలు మీద తేడా కనపడలేదు.

ఓవర్‌లోడ్ స్క్రూ లోతు మళ్లీ కొలిస్తే అదే 3.2 మి.మీ. ఆ స్క్రూ కదిలి ఉంటే, లేదా లక్క చెదిరి ఉంటే, లెక్క కట్టి బిగించే పని కాదది. ఆర్మ్ ఎత్తును బట్టి సాడిల్ బరువుకూ సిలిండర్ ఒత్తిడికీ ఉండే నిష్పత్తి మారుతూ ఉంటుంది కాబట్టి, గేజీ బిగించే వీలున్న హైడ్రాలిక్ వర్క్‌షాపులో తెలిసిన బరువు మీదే సెట్ చేయించాలి. జాకీ లేపలేకపోతోందని ఈ స్క్రూ ఇంకో చుట్టు బిగించిన యూనిట్లలో ఆర్మ్ వెల్డింగులు చీలడం, పిన్నులు వంగడం చూస్తాం.

యజమానికి జాకీతోపాటు చెప్పి పంపినవి మూడు. రిలీజ్‌కు పైపు తొడగొద్దు. ట్యాంకు మీద పెయింటుతో రాసిన ‘32 ఆయిల్ మాత్రమే’ అన్నది చూడకుండా ఏదీ పోయొద్దు. జాకీ ఎంత బాగున్నా లేపడానికే వాడాలి, పని మొదలుపెట్టే ముందు బరువు స్టాండ్ల మీదకు మారాలి. మాయమైన సక్షన్ జాలీ స్థానంలో సన్న ఇత్తడి జాలీ కత్తిరించి వేయడమైంది. ఏడాదికోసారి ఆయిల్ మార్చినప్పుడు దాన్ని తీసి కడగాలి.